తొమ్మిది కుందేళ్ళ క్షమాపణ పత్రం

కనామోరి గారి సొరుగులో నేను రాసిచ్చిన కాగితం ఒకటి ఉండేది. చేతిరాత నాది, అడుగున సంతకానికి బదులు కొట్టిన ఎర్ర ముద్ర నాది. దాన్ని ఆయన చేత్తో ఆయనే బయటికి తీసేలా చేయడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. తొందరపడలేదు. కుందేళ్ళను సాకినదాన్ని, ఓపికకేం కొదవ నాకు?

మాది షింజి సరస్సు ఒడ్డు. మినాగి నేత్ర పరిశోధనాలయంలో పంతొమ్మిదేళ్ళుగా కుందేళ్ళ ఇల్లు చూసుకుంటున్నాను. కంటి మందయినా, కంటి ఆపరేషనయినా మనిషి దాకా వచ్చేముందు కుందేలు కంటి మీద పరీక్షిస్తారు. దాని కన్ను పెద్దది, పాపం, నోరు లేదు. పొద్దున ఆరింటికల్లా వెళ్ళి పంజరాలు కడిగి, మేత వేసి, ఒక్కొక్కదాని చెవి మీద పొడిచిన అంకె చూసి, కన్ను చూసి, ఎలా ఉందో పుస్తకంలో రాయడం నా పని. కాజితాని తోకియే పంజరం కంపు కొడుతుందని నా శత్రువు కూడా ఏనాడూ అనలేదు. ఆ మాటన్న ఒకే ఒక్క మహానుభావుడు కనామోరి గారు.

ఆయన మా పరిశోధనాలయానికి అధిపతి. పక్కనున్న కంటి ఆసుపత్రికీ ఆయనే పెద్ద. నీటికాసుల జబ్బుకు పేరున్న వైద్యుడు. కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగి, చూపు మెల్లమెల్లగా హరించుకుపోయే జబ్బు అది. ఆపరేషన్ అంటే తెల్లగుడ్డులో చిన్న దారి చేసి ఆ నీటిని వదలడం. చిక్కేమిటంటే ఒళ్ళు ఊరుకోదు. గాయం మానిపోతుంది, దారి మళ్ళీ మూసుకుపోతుంది. గాయాన్ని మాననివ్వని జిగురు మందు ఒకటి కనామోరి గారు కనిపెట్టారు. నాలుగేళ్ళ కిందట ఇరవై నాలుగు కుందేళ్ళకు కుడికంట్లో ఆపరేషన్ చేసి ఆ మందు పెట్టారు. మూడో వారంలో తొమ్మిదింటి కళ్ళు చెడ్డాయి. మొదటి రోజు ఎరుపు. మర్నాటికి నల్లగుడ్డు వెనక, అడుగున, పాలమీగడ పేరుకున్నట్టు తెల్లటి చీము. ఆ మర్నాటికి కన్నే లేదు. మాననివ్వని గాయంలోంచి క్రిములు లోపలికి పోక ఏం చేస్తాయి? ఇప్పుడైతే ఈ మాట ఎవరైనా అంటారు. అప్పుడు ఆయన అన్నది వేరు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పంజరాలు మురికిగా ఉన్నాయన్నారు. నలుగురిలో నన్ను 'కాజితాని గారూ' అని పిలిచే పెద్దమనిషి, తన గదిలో తలుపు వేసేసరికి 'నువ్వు'లోకి దిగారు.

"నీ చేతుల మురికికి తొమ్మిది కళ్ళు పోయాయి. తప్పు ఒప్పుకుని రాసివ్వు. ఉద్యోగం మాత్రం ఉంచుతాను."

మా దగ్గర రాసివ్వమంటే రాసివ్వాల్సిందే. రాయనన్నవాళ్ళకు ఆ తప్పు మీద ఇంకో తప్పు వచ్చి కూచుంటుంది. రాసి తీసుకెళ్ళాను. చదివి, వినయం చాల్లేదని నా ముందే చింపారు. రెండోసారి రాశాను. ఏ కుందేలు, ఏ రోజు, ఏ కన్ను అన్న వివరం లేదని అదీ చింపారు. మూడోసారి తొమ్మిది చెవి అంకెలూ, తొమ్మిది తేదీలూ రాసి, 'నా అశుభ్రత వల్లనే' అన్న మాట నాలుగు చోట్ల పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాను. అప్పుడు ఆయన మనసు చల్లబడింది. తేదీ వేసి, అందినట్టు తన ముద్ర కూడా కొట్టుకుని సొరుగులో పెట్టారు. నేను రోజూ రాసే పుస్తకం కూడా అడిగి తీసుకున్నారు. ఆ పుస్తకం మళ్ళీ నా కంటపడలేదు.

నాకు సిగ్గుచేటయిన సంగతి ఇంకోటుంది. ఆయన మాట నేను నమ్మాను. డాక్టరు, చదువుకున్నవాడు, ఆయనకు తెలియదా అనుకున్నాను. మూడేళ్ళు చేతులు పుళ్ళు పడేలా కడుక్కున్నాను. తప్పు నాదైతే మందు మంచిదే కదా. అలా నమ్మబట్టే మా అక్కను తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

మా అక్క ఫుమినో నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. ఇంట్లో పిల్లలకు కుంచెతో అక్షరాలు దిద్దిస్తుంది. నలభై ఏళ్ళ నుంచీ అదే పని, అదే లోకం. నా చిన్నప్పుడు నా పిడికిలిని తన పిడికిట్లో పెట్టుకుని మొదటి గీత గీయించింది ఆవిడే. ఆవిడకు నీటికాసులు బయటపడినప్పుడు, ఇంకో ఊరి ఆసుపత్రికి పోదామంది. నేనే వద్దన్నాను. మా కనామోరి గారి కొత్త మందు ఉంది, మనుషుల మీద కూడా మొదలుపెట్టారు, దిగులెందుకు అని నేనే అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

జనవరిలో కుడికంటికి ఆపరేషనయింది. ఇరవయ్యో రోజు పొద్దున అక్క కన్ను నొప్పి అంటే రెప్ప ఎత్తి చూశాను. అడుగున పాలమీగడ. అంతకుముందు తొమ్మిదిసార్లు చూసిన మీగడ అది. ఆసుపత్రికి పరుగెత్తాం. రెండు రోజులు సూదులు పొడిచారు. మూడో రోజు కన్ను తీసేశారు.

కనామోరి గారు పరామర్శకు వచ్చారు. వెనక నలుగురు కుర్ర డాక్టర్లు. పాపం, ఇంట్లో శుభ్రత లేదు కాబోలు, సిరా చేతులతో కన్ను నలిపి ఉంటారు అని తాపీగా సెలవిచ్చారు. కన్ను పోగొట్టుకున్న మా అక్క మంచం మీద లేచి కూచుని, నుదురు దుప్పటికి ఆనేలా వంగి, తమకు శ్రమ కలిగించాను క్షమించండి అంది.

ఆ మాటలు నాకు కొత్త కాదు. మురికి, చేతులు, శుభ్రత లేదు. నాకు వేసిన చొక్కానే మా అక్కకూ తొడుగుతున్నాడు. మా ఇంట్లో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. నా పంజరాలూ అలాగే ఉండేవి. మూడేళ్ళుగా నా నెత్తిన మోస్తున్న మురికి నాది కాదని ఆ క్షణంలో తెలిసింది. ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. నేనూ వంగి నమస్కారం పెట్టి ఆయన్ని సాగనంపాను.

తర్వాత పై కార్యాలయానికి వెళ్ళి అంతా చెప్పాను. అక్కడి గుమాస్తా కనామోరి గారు అచ్చువేసిన వ్యాసం తీసి చూపించాడు. ఇరవై నాలుగు కుందేళ్ళు, ముప్పయ్యో రోజుకు ఇరవై నాలుగు కళ్ళూ నిర్మలం, ఒక్కదానికీ చీము పట్టలేదు అని ఉంది. పక్కన ఫొటోలు కూడా. మీ మాటకు రుజువేదీ అన్నాడు. పుస్తకం ఆయన దగ్గర. పత్రం ఆయన సొరుగులో. దుఃఖంలో ఉన్నారు, ఇంటికి పోయి కాస్త టీ తాగండమ్మా అని నన్ను బయటి దాకా దిగబెట్టాడు. వచ్చే వసంతానికి ఆ మందు దేశంలో ప్రతి కంటి ఆసుపత్రికీ వెళుతుందనీ, కొత్త మందులకు అనుమతినిచ్చే పరిశీలక సంఘం సరేననడమే తరువాయనీ దారిలో గర్వంగా చెప్పాడు కూడా. ఆ లోపల నా కాగితం ఆ సొరుగులోంచి బయటపడాలి. పడకపోతే దేశమంతా మా అక్కలే.

అడిగితే ఇవ్వడు. దొంగిలిస్తే నేనే దొంగనవుతాను. ఆయనే తీయాలి, పదిమందిలో తీయాలి. ఎప్పుడు తీస్తాడు? పంతొమ్మిదేళ్ళు చూసినదాన్ని, నాకు తెలుసు. తన మందు మీద ఈగ వాలితే చాలు, ఆ ఈగను నా మీదికి తోలడానికి తీస్తాడు.

ప్రతి ఏడూ అక్టోబరులో మా దగ్గర ప్రయోగాల్లో పోయిన జంతువులకు పూజ జరుగుతుంది. కుందేళ్ళ ఇంటి వెనక ఒక రాయి ఉంది. దాని ముందు క్యారెట్లూ క్యాబేజీలూ పెడతాం. కొండ గుడి నుంచి ర్యోఎన్ అనే ముసలి భిక్షువు వచ్చి మంత్రం చదువుతాడు. ఆ తర్వాత అధిపతి నల్లకోటుతో నిలబడి, మడతలు పెట్టిన పొడుగాటి తెల్లకాగితం విప్పుతూ నివాళి చదవాలి. ఈ ఏడు ఇన్ని కుందేళ్ళు, ఇన్ని ఎలుకలు, మా చదువు కోసం ప్రాణాలిచ్చాయి, మన్నించండి అని. లెక్క నేనిస్తాను. మాటలు నేను కూర్చుతాను. కుంచెతో రాసేది మా అక్క. పదకొండేళ్ళుగా అదే వరస. కనామోరి గారు ముందుగా ఎన్నడూ చదివి చూసుకోలేదు. ఎన్ని నిమిషాలు పడుతుంది అని మాత్రం అడుగుతారు.

ఈసారి పరిశీలక సంఘం వాళ్ళు ముగ్గురు వస్తున్నారని, పూజను ఆయనే వాళ్ళు వచ్చే రోజుకు మార్పించారు. తనకు జీవాల మీద ఎంత దయో వాళ్ళు కూడా చూడాలి కదా. నన్ను పిలిచి, మన మందుకు కళ్ళిచ్చిన కుందేళ్ళ గురించి ఈసారి ప్రత్యేకంగా రాయించండి కాజితాని గారూ అన్నారు. తలుపు తీసి ఉంది, అందుకని గారు.

తప్పకుండా రాయిస్తానండీ అన్నాను.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. తనను ఆయన చేతిలో పెట్టిన నా మీద అక్కకు తొమ్మిది నెలల్లో ఒక్కసారీ కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నా ఆలోచనంతా విని, సిరా నూరమంది. ఒంటికన్నుతో దూరం అందక, కుంచె మొన కాగితానికి వేలెడంత పైనే ఆగి గాలిలో గీత గీసేది. రెండోసారికి కాగితం మీద గుచ్చుకుని మచ్చ పడేది. నేను రాస్తానక్కా అంటే కసిరింది.

"నోర్మూసుకుని నూరవే తోకీ. వాడు నా రాత చదవాలి. నా రాతే చదవాలి."

నాలుగు రోజులు పట్టింది. మచ్చలేని ప్రతి ఒకటి తయారయింది. నిమిషాలు ఎన్ని అని ఆయన అడిగారు. నాలుగండీ అన్నాను. సరే అన్నారు.

పూజనాడు సన్నటి తుంపర. సంఘం వాళ్ళు ముందు వరసలో గొడుగుల కింద నిలబడ్డారు. వాళ్ళలో తోరిగోయే గారని అరవై దాటిన ఆవిడ, కంటి డాక్టరే. చిన్న మనిషి, మాట తక్కువ, చంకలో పాత తోలుసంచి. మా అక్క వెనక వరసలో నల్ల కిమోనోతో, కంటికి తెల్లగుడ్డతో నిలబడింది. భిక్షువు గంట కొట్టాడు. కనామోరి గారు కాగితం విప్పి, ఖంగుమనే గొంతుతో మొదలుపెట్టారు. మధ్యలో ఆ వాక్యం వచ్చింది.

"ఈ మందు కోసం ఇరవై నాలుగు కుందేళ్ళు తమ కుడికన్ను ఇచ్చాయి. వాటిలో తొమ్మిది, కాపరి కాజితాని తోకియే అశుభ్రత వల్ల చీముపట్టి, మూడో వారంలో కన్ను పోగొట్టుకున్నాయి. ఆమె తరఫున ఈ రాతి ముందు తల వంచుతున్నాం."

'తొమ్మిది' దగ్గర గొంతు ఒక్క క్షణం తడబడింది. కళ్ళెత్తి నన్ను చూశారు. నేను నడుము విరిగేలా వంగి ఉన్నాను. నా వీపు చూసి ఆయనకు ధైర్యమొచ్చింది. పశ్చాత్తాపం అనుకున్నారు, చదువుకుంటూ పోయారు. నిజం చెప్పాలంటే ఆ వాక్యం చివరికి వచ్చేసరికి ఆయన గొంతులో కాస్త తీపి కూడా వినబడింది. నలుగురిలో నన్ను మురికిదాన్ని అనే భాగ్యం అంతవరకు ఆయనకు దక్కలేదు మరి.

చదివాక కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయారు. ర్యోఎన్ చెయ్యి చాపి, అది కుందేళ్ళది కదా బాబూ, రాతి ముందు పెట్టండి అన్నాడు. పెట్టక తప్పలేదు.

తర్వాత హాల్లో టీ, బూరెల్లాంటి చిక్కుడు మిఠాయిలు. పోసేది నేనే. తోరిగోయే గారు కప్పు రెండు చేతులతో పట్టుకుని, నివాళి మనసుకు తగిలిందని మెల్లగా అని, ఆ తొమ్మిది కుందేళ్ళ సంగతి వ్యాసంలో చదివిన గుర్తు లేదే అన్నారు. కనామోరి గారు నవ్వి, మా కాపరికి వినయం ఎక్కువండీ, గోరంతను కొండంత చేసి రాయిస్తుంది అన్నారు. అక్కడితో ఆగి ఉంటే గట్టున పడేవారే. నేను ఆగనివ్వదల్చుకోలేదు.

టీ కుండ బల్ల మీద పెట్టాను. మోకాళ్ళ మీద కూచుని, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి తలెత్తి మాట్లాడాను.

"గోరంత కాదు, కొండంతా కాదండీ. పంజరాలు శుభ్రంగానే ఉన్నాయి. డాక్టరు గారు తప్పు నాదన్నారు గనక నాదన్నాను. నా మనసులో మాట అడిగితే, ఆ కళ్ళను కుళ్ళబెట్టింది మందే."

కనామోరి గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు అప్పుడు రెండు దారులున్నాయి. కళ్ళేవీ పోలేదు, ముసలిది పిచ్చివాగుడు వాగుతోంది అనడం ఒకటి. పోయాయిగానీ పాపం దీనిదే అనడం రెండోది. మొదటిది తెలివైన దారి. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషికి తెలివి అందేలోపే చెయ్యి కదులుతుంది. మందు అన్న మాట చెవిన పడగానే ఆయన లేచి నిలబడ్డారు.

"మందునా అనేది? నీ మురికికి నా మందునా?" అని నలుగురూ ఉన్నారన్నది మరిచి నువ్వులోకి దిగారు. "నీ చేత్తో నువ్వు రాసిచ్చిన కాగితం నా సొరుగులో ఉంది. తెస్తానుండు."

తెచ్చారు. పరుగున వెళ్ళి, పరుగున వచ్చి, తోరిగోయే గారి ముందు బల్ల మీద పరిచారు. నా పత్రం. నాలుగేళ్ళకు దాని మొహం చూశాను. తొమ్మిది చెవి అంకెలు, తొమ్మిది తేదీలు, నా ముద్ర, పక్కన అందినట్టు ఆయన ముద్ర. వివరంగా ఉండాలని రెండుసార్లు చింపించి మరీ రాయించుకున్నది. చూడండి, నిర్లక్ష్యం ఎలా ఒప్పుకుందో చూడండి అని ఆయన ఒక్కొక్క వరస మీద వేలు పెట్టి చూపించారు.

తోరిగోయే గారు శ్రద్ధగా చదివారు. తోలుసంచి తెరిచి ఆయన వ్యాసం తీసి పక్కన పెట్టారు. ఏడో అంకె కుందేలు, పత్రంలో పద్దెనిమిదో రోజున కన్ను పోయింది. వ్యాసంలో ముప్పయ్యో రోజున నిర్మలం. పదకొండో అంకె, అంతే. పద్నాలుగు, అంతే. ఆవిడ గొంతు పెంచలేదు.

"అయితే తొమ్మిదింటికీ కళ్ళు పోయిన మాట నిజమేనంటారు. ఎవరి వల్ల అన్నది తర్వాత చూద్దాం. మరి ఈ ఫొటోల్లో ఉన్న కళ్ళు ఎవరివి డాక్టరు గారూ?"

కనామోరి గారి వేలు ఇంకా నా ముద్ర మీదే ఉంది. తీయడం మరిచిపోయారు. ఆ మొహం చూడటానికే నేను తొమ్మిది నెలలు అన్నం తిన్నాను. ఆవిడ రెండు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకున్నారు. అది నా కాగితం అని ఆయన గొణిగారు. కాదండీ, నాదే అన్నాను.

ఫొటోల్లో తొమ్మిది, అవే కుందేళ్ళ ఎడమకళ్ళని వారంలో తేలింది. అద్దంలో చూపినట్టు తిరగేసి కుడికళ్ళుగా అచ్చువేశారు. మందు ఆగిపోయింది. పరిశోధనాలయంలో ఆయన గదిలోకి ఆయన్నే రానివ్వడం లేదు.

పదిహేను రోజులకు ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చారు. పిల్లలు వెళ్ళిపోయారు, అక్క కుంచెలు కడుగుతోంది. చాప మీద మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి, చాలాసేపు అలాగే ఉన్నారు. అసలు కోరిక తర్వాత బయటికొచ్చింది. కుందేళ్ళ అంకెలు పొరపాటున కలిసిపోయాయేమో, అప్పుడు సరిగా చూసుకోలేదేమో అని నేనొక మాట సంఘానికి చెప్పాలట. చెబితే వైద్యుడిగా అయినా మిగులుతారట. మీరు పెద్ద మనసు చేసుకోండి అన్నారు. ఇప్పుడు నాకూ 'మీరు' వచ్చింది.

నేను అక్క వైపు చూశాను. అక్క ఆయన ముందు తెల్లకాగితం పరిచి, రాయి బరువు పెట్టి, సిరా పళ్ళెం జరిపింది. ముందు జరిగింది రాయమంది. ఆయన కళ్ళల్లో ఆశ మెరిసింది. క్షమాపణ రాసిస్తే మనసు కరుగుతుందని మా దేశంలో ఎవరైనా అనుకుంటారు. గబగబా రాశారు. అక్క ఆ కాగితాన్ని మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకుని చదివి, రెండుగా చింపింది.

"వినయం చాల్లేదు డాక్టరు గారూ."

రెండోది రాశారు. ఏ కుందేలు, ఏ రోజు, ఏ కన్ను అన్నది లేదని అదీ చింపింది. మూడోది మొదలుపెట్టారు. తొమ్మిది అంకెలూ ఆయనకు గుర్తున్నాయి, తేదీలతో సహా. ఇన్నేళ్ళూ గుర్తుండే ఉన్నాయి. పదో వరసలో కాజితాని ఫుమినో, ఇరవయ్యో రోజు, కుడికన్ను అని అక్కే చెప్పి రాయించింది. ముద్ర కొట్టారు. పక్కనే అందినట్టు అక్క తన ముద్ర కొట్టింది.

"ఇక సంఘానికి ఆ మాట చెబుతారు కదూ?" అన్నారు, అక్కను కాదు, నన్ను.

"నేను రాసిచ్చిన రోజున మీరు నాకేం మాటిచ్చారు? ఉద్యోగం ఉంచుతానన్నారు. మేం అది కూడా అనలేదు."

అక్క కాగితం ఆరేదాకా ఆగి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. మా ఇంట్లోనూ ఒక సొరుగుంది. ఆయన చూస్తుండగానే అందులో పెట్టి తాళం వేశాను.